కడుపునిండిన ఇంజను

అరవై ఆరో సంవత్సరం జనవరిలో హైదరాబాదు నాంపల్లిలో నుమాయిష్ ప్రదర్శనకు వెళ్ళినవారు అక్కడ ఒక విమానం ఇంజనును చూసే ఉంటారు. విమానం లేదు, ఇంజను మాత్రమే. బేగంపేట వైపున్న ఒక ఫ్లయింగ్ క్లబ్బువారు దాన్ని ఇనుప చట్రానికి బిగించి, పంకా చుట్టూ జాలీ కట్టి, సాయంత్రానికి రెండు ఆటలని ప్రకటించారు. దీపాలు పెట్టే వేళ ఒకటి, మరి కాసేపటికి ఇంకొకటి. నడిపి చూపించే భారం క్లబ్బులో పాఠాలు చెప్పే రాధాకృష్ణమూర్తి మీద పడింది.

రాధాకృష్ణమూర్తి గోదావరి జిల్లా నుంచి వచ్చి గన్‌ఫౌండ్రీలో స్థిరపడినవాడు. అతిథి 'చాలు' అన్న తర్వాత వడ్డించేదే అసలు వడ్డన అని నమ్మే వంశం వారిది. వారి తాతగారింట భోజనం చేసి తనంతట తాను లేచిన అతిథి లేడని చెప్పుకొనేవారు. ఈ వంశగౌరవానికీ విమానం ఇంజనుకూ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. కథంతా అదే.

ఆ ఇంజనుకు ఒక్కొక్క సిలిండరు గుమ్మం దాకా సన్నని గొట్టం వెళుతుంది. పెట్రోలు అక్కడ చిమ్ముకుంటుంది. నల్లపిడి తోస్తే గాలి, ఎర్రపిడి తోస్తే పెట్రోలు. ఇంజను చల్లగా ఉంటే పెట్రోలు పంపు వేసి, ఎర్రపిడిని కొద్దిసేపు తోసి, మళ్ళీ పూర్తిగా వెనక్కి లాగి, అప్పుడు స్టార్టరు నొక్కాలి. అంటుకోగానే ఎర్రపిడిని మెల్లగా తోయాలి. వేడిగా ఉంటే ముందుగా ఏమీ పెట్టకూడదు. అప్పటికే తిన్నది లోపల ఉంటుంది. ఎర్రపిడి మూసే ఉంచి స్టార్టరు తిప్పి, అది నోరు తెరిచాకే పెట్రోలు ఇవ్వాలి.

ఇదంతా రాధాకృష్ణమూర్తి ఏటా విద్యార్థులకు బోధించేదే. అయితే బోధించడం వేరు, ఎదుట ఉన్నదాన్ని పస్తుంచి పని చేయించుకోవడం వేరు. వేడి ఇంజనును గురించిన ఆ నియమం ఎవరో పిసినారి రాసినట్టు ఆయనకు తోచేది. మొదటి ఆటలో ఇంజను హాయిగా గర్జించేది. రెండో ఆటకు ఆయన చేయి తనంతట తానే పంపు మీదికి పోయేది. పాపం ఇందాకటి నుంచి పనిచేసి అలసిపోయిందని ఇంకొంచెం, ఎందుకైనా మంచిదని మరికొంచెం. ఇంజను తుమ్మి ఊరుకునేది. కింది పళ్ళెంలో పెట్రోలు బొట్లు రాలేవి. జనం రంగులరాట్నం వైపు నడిచేవారు.

ఇంజనుకు వెనకవైపున విద్యావతి పసుపు, కుంకుమ, గులాల్ అమ్మే దుకాణం ఉంది. పంకా గాలి సరిగ్గా అటే కొడుతుంది కాబట్టి మొదటి ఆటకు ముందు ఆమె పళ్ళాల్లోని రంగుల రాశులన్నిటి మీదా ఒక పెద్ద దుప్పటి కప్పేది. రెండో ఆటకు కూడా తొలిరోజుల్లో కప్పింది. తర్వాత మానేసింది. నోటితో ఎవరేమన్నా సహించగలిగేవాడు గానీ, కప్పని ఆ దుప్పటి రాధాకృష్ణమూర్తి గుండెలో ముల్లులా గుచ్చుకునేది.

ఒకనాడు ఆమె ఓదార్చడానికి కూడా పూనుకుంది. "ఫికర్ చెయ్యకున్రి సార్. మీ ఇంజను సర్కారు ఆఫీసు లెక్కుంది. ఒక్కపారి సంతకం పెడ్తది, మల్ల కుర్సీల దొరకది."

ఇది క్లబ్బు కార్యదర్శి అమరేశ్వరరావు చెవిన పడింది. ఆయన ఎప్పుడూ తెల్ల సూటు వేసుకునే మనిషి. దాని మీద దుమ్ము కూడా అనుమతి అడిగి వాలేది. మర్నాడు ఒక గ్రామఫోను, లౌడ్‌స్పీకరు తెస్తానని చెప్పి, కారణం కూడా వివరించాడు.

"జనానికి కావలసింది చప్పుడు, మూర్తిగారూ. అది రికార్డులో దొరుకుతుంది. రేపు రెండో ఆటకు ఇంజను లేవలేదా, అప్పటి నుంచి గ్రామఫోనే పలుకుతుంది. మీరు పక్కన నిలబడి పిడులు లాగుతున్నట్టు అభినయిస్తే చాలు."

ఇంత చదివి చివరికి గ్రామఫోను ముందు అభినయించడమా! ఆ రాత్రి రాధాకృష్ణమూర్తికి కంటిమీద కునుకు లేదు.

మర్నాడు మధ్యాహ్నం అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, భార్య కామాక్షి పిన్నిగారింట భోజనం. పిన్నిగారి పేరు వెంకటరత్నమ్మ. విస్తరి ముందు కూర్చున్న అల్లుడు దిగులుగా ఉన్నాడని గ్రహించి, దిగులుకు మందు నెయ్యి అని ఆమె నిశ్చయించింది. పప్పు, పులుసు, పులిహోర వరసగా దాడిచేశాయి. ఇక చాలని ఆయన విస్తరి మీద చేయి అడ్డం పెట్టాడు.

"అదేం తిండి అల్లుడుగారూ, పిచ్చుక కూడా సిగ్గుపడుతుంది" అంటూ ఆమె ఆ చేతి మీదే బొబ్బట్టు వేసి నెయ్యి పోసింది.

కామాక్షి అటు తిరిగి నవ్వుకుంది. అత్తవారి తరఫు పెద్దల మాట కాదనలేక రాధాకృష్ణమూర్తి చేతి మీదిది తిన్నాడు. ఆ చేయి ఖాళీ అయిందని ఇంకొకటి పడింది.

నాంపల్లికి రిక్షా ఎక్కుదామంటే వంగే వీలు లేదు. నడక సాగించి, ప్రతి దుకాణం ముందూ సరుకు చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకున్నాడు. తీరా చేరేసరికి విద్యావతి ఇంట్లో చేసిన సకినాల పొట్లం విప్పింది. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"నా మీద ఏమాత్రం దయ ఉన్నా, అమ్మా, నాకేమీ పెట్టకు."

మొదటి ఆట మామూలుగానే జరిగింది. రెండో ఆటకు, గ్రామఫోను సంగతి పొక్కినందువల్ల, జనం విరగబడ్డారు. అమరేశ్వరరావు విద్యావతి దుకాణం వెనక కుర్చీ వేసుకుని, రికార్డు మీద ముల్లు ఎత్తిపట్టి కూర్చున్నాడు. విద్యావతి దుప్పటి మడిచే ఉంది.

భయంలో రాధాకృష్ణమూర్తికి వంశం ముందుకొచ్చింది. పంపు వేశాడు, ఎర్రపిడి తోశాడు, మరికొంచెం తోశాడు. స్టార్టరు నొక్కితే ఇంజను ఒక తుమ్ము తుమ్మి మూగబోయింది. పళ్ళెంలో బొట్లు టపటపా రాలాయి. ఇంకొక్కసారి పెడదామని చేయి కదలబోతుండగా లోపలి నుంచి బ్రహ్మాండమైన త్రేన్పు తన్నుకొచ్చింది. దానితోపాటు బొబ్బట్టు, నెయ్యి, వెంకటరత్నమ్మ ముఖం.

ఆయన ఇంజను వైపు చూశాడు. దాని పెదవుల మీద పెట్రోలు మెరుస్తోంది. దాని అవస్థ ఆయనకు బుద్ధితో కాదు, కడుపుతో తెలిసింది. దానికిప్పుడు కావలసింది తిండి కాదు, గాలి.

పంపు కట్టేశాడు. బొట్లు ఆగేదాకా కాచుకొని పళ్ళెం దూరంగా పెట్టించాడు. ఎర్రపిడిని పూర్తిగా వెనక్కి లాగి, నల్లపిడిని పూర్తిగా లోపలికి తోశాడు. గొంతుదాకా తాగిన ఇంజనుకు గ్రంథం చెప్పే చికిత్స అదే. స్టార్టరు కాసేపు తిప్పి, విశ్రాంతినిచ్చి, మళ్ళీ తిప్పాడు. జనంలో ఎవరో ఆవులించారు. ఇంజను ఒకసారి దగ్గింది. మరోసారి దగ్గింది. తర్వాత నుమాయిష్ అదిరేలా గర్జించింది.

ఆ క్షణంలో రెండు పనులు ఒక్కసారే చేయాలి: ఎర్రపిడి తోయాలి, నల్లపిడి లాగాలి. ఆయన మొదటిది చేశాడు. రెండోది ఆనందంలో మరిచాడు.

పంకా గాలి పూర్తి బలంతో విద్యావతి దుకాణం మీదుగా సాగింది. కుంకుమ, గులాల్, పసుపు రాశులన్నీ గోపురాల్లా లేచి, ఒకటై, అమరేశ్వరరావు మీద విశ్రమించాయి. ఆయన చేతిలోని ముల్లు జారి రికార్డు మీద పడింది; గ్రామఫోను శక్తికొద్దీ ఏదో పలికే ఉంటుంది, ఎవరికీ వినబడలేదు. రాధాకృష్ణమూర్తి తెలివి తెచ్చుకుని నల్లపిడి లాగి, చమురు ఒత్తిడి చూపే ముల్లు లేచిందని కూడా చూసుకున్నాడు. ఇంజను పిల్లిలా గురగురలాడసాగింది.

అమరేశ్వరరావు నడిచి వచ్చాడు. సూటులో తెలుపు జేబుల లోపల మాత్రం మిగిలి ఉండవచ్చు. చాలాసేపు తుమ్మి, చివరికి ఇలా అన్నాడు.

"రికార్డులో ఇంత లేదు, మూర్తిగారూ."

విద్యావతి ఖాళీ పళ్ళాల వైపు, గులాబీ రంగు కార్యదర్శి వైపు మార్చి మార్చి చూసింది. రాధాకృష్ణమూర్తి నోట క్షమాపణ రాకముందే ఆమెకు నవ్వాగలేదు.

మర్నాడు గ్రామఫోను రాలేదు. రెండో ఆట వేళకు రాధాకృష్ణమూర్తి పంపు స్విచ్చికి దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఏమీ పెట్టకుండా నిలబడటం ఇప్పటికీ ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంది. అంతలో వెనక నుంచి కేక వినిపించింది.

"జర ఆగున్రి సార్!"

చూస్తే విద్యావతి కొత్త రాశుల మీద దుప్పటి పరుస్తోంది. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు కూడా పెట్టింది. ఆయన ఆ ఇటుకల వైపు కాసేపు తృప్తిగా చూసి, ఎర్రపిడి మూసే ఉంచి, స్టార్టరు నొక్కాడు.