తైస్తో తుపాకీ మీద పువ్వు

అక్టోబరు చలి మొదలైందంటే చాలు, రెయినో తుపాకుల కొట్టు మంగలి షాపులా తయారయ్యేది. గని పని దిగిన మగాళ్ళంతా ఒళ్ళో తుపాకులు పెట్టుకుని బల్ల మీద వరసగా కూర్చునేవాళ్ళు. పొయ్యి మీద కాఫీ మరుగుతూ ఉండేది. రెయినో ఒక్కో తుపాకీ అందుకుని, కదలకుండా వైస్‌లో బిగించి, దాని మీద మొలిచిన పువ్వుని ఆకురాయితో గీకి ఇచ్చేవాడు.

అవన్నీ జపాను సైన్యం తుపాకులు. యుద్ధం అయిపోయాక పసిఫిక్ దీవుల నించి మా కుర్రాళ్ళు సంచుల్లో వేసుకొచ్చారు. అమెరికా ఉత్తరాన, సుపీరియర్ సరస్సు ఒడ్డున మా రాగి గనుల ఊళ్ళో ప్రతి మూడో ఇంట్లో ఒకటుండేది. వాటిని వేట తుపాకులుగా మార్చే పని రెయినోది. పొడుగు చెక్క కోసి పొట్టి చేయాలి. నిటారుగా ఉండే గడియ పిడిని కిందికి వంచాలి. జపాను తూటాలు ఇక్కడ దొరికి చావవు కాబట్టి, తూటా కూర్చునే గదిని లోపల తొలిచి ఇక్కడి పెద్ద తూటాకి సరిపెట్టాలి. చివర్లో గొట్టం మీద ఆ కొత్త తూటా పేరు సుత్తితో గుర్తు కొట్టాలి. ఆ గుర్తు లేకుండా రెయినో ఏ తుపాకీనీ గడప దాటనిచ్చేవాడు కాదు. ఎందుకంటే తొలిచిన గదిలో పాత తూటా పెడితే వదులుగా కూర్చుంటుంది. పేలినప్పుడు తూటా ఇత్తడి తొడుగు చీలి, నిప్పు వెనక్కి, కాల్చినవాడి కళ్ళలోకి కొట్టచ్చు.

ఇక పువ్వు సంగతి. జపాను రాజుగారి గుర్తు, పదహారు రేకుల చామంతి, ప్రతి తుపాకీ ఉక్కు మీదా ఉండేది. మొదటిసారే గీకి చదును చేసినా ఏటా ఆకులు రాలే వేళకి మళ్ళీ మొలిచేది. ఎండకి తళుక్కుమంటే దుప్పులు బెదిరిపోతాయి కదా, అందుకని వేట మొదలవక ముందే వచ్చి గీకించుకునేవాళ్ళు. గడ్డం పెరిగితే గీయించుకోరూ, అలాగే. రాలిన ఉక్కు పొడి ఆడవాళ్ళు పట్టుకెళ్ళి కిటికీల్లో మొక్కలకి వేసుకునేవాళ్ళు.

ఒక్క రెయినో సొంత తుపాకీకే పువ్వు లేదు. అది వాళ్ళ నాన్నది, ఏ యుద్ధమూ చూడనిది. రెయినోకి పదహారో ఏట గనిలో బండి కింద పడి ఎడమ కాలు నలిగింది. సైన్యం డాక్టరు ఆ కాలు చూసి ఇంటికి పొమ్మన్నాడు.

వెళ్ళినవాడు తైస్తో. చిన్నప్పటి నించీ రెయినోకి జోడీ. తైస్తో దీవుల్లో ఉన్న మూడేళ్ళూ, ప్రతి శనివారం లెంపి అనే పిల్లని డాన్సు హాలుకి తీసుకెళ్ళింది మాత్రం రెయినో. తను ఆడలేడుగా, ఆమె కోటు ఒళ్ళో పెట్టుకుని గోడ పక్కన కూర్చునేవాడు. ఇంకో పాట, ఇంకో పాట అని ఆమె ఆడుతుంటే చూస్తూ, యుద్ధం అయ్యాక పెళ్ళికి అడుగుదాం, అప్పుడడిగితే మర్యాదగా ఉంటుంది అనుకున్నాడు. తైస్తో ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో తుపాకీ పట్టుకుని రైలు దిగాడు. రెండు నెలల్లో లెంపితో పెళ్ళయిపోయింది. రెయినో కోటు మోసినవాడిగానే మిగిలాడు.

సరే, పోనీ అనుకుందామంటే ఆ తుపాకీ ఒకటి. దాని చెక్క కోసింది రెయినో, పిడి వంచింది రెయినో, గురి కుదిర్చింది రెయినో. ఏటా వేట మొదలయ్యే నవంబరు పదిహేనున, మధ్యాహ్నం లోపు ఫైరింజన్ షెడ్డు ముందు దూలానికి మొదటి దుప్పిని వేలాడదీసేది మాత్రం తైస్తో. దూలం పక్కన పలక మీద రాసే పేరు తైస్తోది. చివరికి పువ్వు కూడా వాడి తుపాకీ మీదే అందరికంటే పెద్దగా, నిండుగా పూసేది. ఉక్కుకి కూడా వాడే కావాల్సొచ్చాడా అని రెయినో లోలోపల రగిలిపోయేవాడు.

ఆ ఏడు తైస్తో, లెంపి కలిసే వచ్చారు. లెంపి బుట్టలో ఏలకుల రొట్టె తెచ్చింది.

"పువ్వొక్కటే గీకరా. గది మాత్రం ఇప్పుడు తొలవకు," అన్నాడు తైస్తో. "నేను తెచ్చిన జపాను తూటాలు ఇంకా మూడున్నాయి. ఈ ఏటికి వాటితో లాగించేస్తా. వేట అయిపోయాక నీ ఇష్టం, మార్చెయ్."

బల్ల మీదున్న ముసలి ఉర్హో అందుకున్నాడు. "మూడెందుకురా నీకు? ఒక్కటి చాలదూ?"

"రెండు రెయినో కోసం. ఈసారి నువ్వు కూడా అడవికి రారా," అని తైస్తో రెయినో భుజం చరిచాడు. "దుప్పిని లాగడానికి ఒక మనిషి తక్కువయ్యాడు."

అందరూ నవ్వారు. రెయినో కూడా నవ్వాడు. లెంపి నవ్వలేదు కానీ, తైస్తో కాలరు మీద మంచు పొడి కనిపిస్తే రెండు వేళ్ళతో మెల్లగా దులిపింది. తైస్తో వేసిన వెటకారాన్ని రెయినో సాయంత్రానికి మర్చిపోయేవాడే. ఆ రెండు వేళ్ళనే మర్చిపోలేకపోయాడు.

అందరూ వెళ్ళాక పువ్వు గీకాడు. తర్వాత గదిని తొలిచే రీమరు తీశాడు. ఒక్కసారి వాడి గురి తప్పాలి, అంతే అనుకున్నాడు. ఉత్త చేతులతో దూలం దగ్గరికి రావాలి, నలుగురూ నవ్వాలి. కళ్ళ మాట తలపుకి రాలేదని కాదు. వచ్చింది. వచ్చినా చెయ్యి ఆగలేదు. గది తొలిచి, కొత్త కోత మెరవకుండా గ్రీజు పూసి, గొట్టం మీద గుర్తు కొట్టకుండా తుపాకీని గుడ్డలో చుట్టి పెట్టాడు. తైస్తో వచ్చి తీసుకెళ్ళాడు. పైపైన తడిమి, "నీ చేతి నునుపే వేరురా," అని మెచ్చుకున్నాడు కూడా.

పదిహేనో తారీఖు వచ్చింది. బడికి సెలవు, గనికి సెలవు, ఊరు ఖాళీ. రెయినో కొట్లో ఒంటరిగా కూర్చుని, వాకిలి వైపు చూస్తూ కాఫీ తాగుతున్నాడు. ఉర్హో నడుం పట్టుకుని వచ్చి పొయ్యి దగ్గర చతికిలబడ్డాడు.

"ఈ ఏడు దూలానికి తైస్తో దుప్పి లేనట్టే," అన్నాడు. "రాత్రి నించి ఒకటే జ్వరం వాడికి."

రెయినోకి ప్రాణం తేలికపడింది. సంతోషమా, నిరాశా అన్నది అతనికే తెలియలేదు.

"తుపాకీ ఊరికే ఎందుకుండాలని లెంపి పట్టుకెళ్ళింది," ఉర్హో ఇంకా చెబుతున్నాడు. "దేవదారు చెట్ల చిత్తడి నేల దగ్గర కూర్చుంటానంది. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్నకి దుప్పులు కొట్టి పెట్టింది అదే కదూ."

కప్పు చేతిలోంచి జారింది. రెయినో కోటు కూడా తొడుక్కోకుండా బయటపడ్డాడు. మోకాలి లోతు మంచు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ, పడుతూ, లేస్తూ వెళ్ళాడు. దేవుడా, ఆమె కళ్ళు, ఆమె కళ్ళు అన్న మాట తప్ప ఇంకేమీ లేదు మనసులో. కేక వేద్దామంటే ఊపిరి అందలేదు.

చిత్తడి చివర చెట్టు మొదట్లో ఎర్ర టోపీ కనిపించింది. లెంపి చెంప తుపాకీ చెక్కకి ఆనించి ఉంది.

"లెంపీ, వద్దు, కాల్చకు..."

తుపాకీ పేలింది.

రెయినో మంచులో మోకాళ్ళ మీద పడ్డాడు. కళ్ళెత్తి చూడడానికి ధైర్యం చాలలేదు.

"బుద్ధుందా నీకు?" లెంపి గొంతు. "ఇంకో క్షణం ముందు అరిచుంటే అది పరిగెత్తేది."

చూశాడు. ఆమె రెండు కళ్ళూ అతన్ని గుర్రుగా చూస్తున్నాయి. అవతల, కొమ్ములకి ఎనిమిది కొనలున్న దుప్పి పడి ఉంది.

లెంపి గడియ లాగింది. రాలేదు. అరచేత్తో గట్టిగా కొట్టి లాగితే ఖాళీ తూటా బయటికొచ్చింది. చీలలేదు. దాని మెడ చుట్టూ పదహారు రేకుల అచ్చు పడి ఉంది. లెంపి తుపాకీని వెలుగుకి పట్టి లోపలికి చూసింది. రెయినోకి కూడా చూపించింది. తొలిచిన ఖాళీ అంతా నింపుతూ, లోపలి వైపు, పువ్వు పూసి ఉంది.

పువ్వు ఎక్కడైనా పూస్తుంది, అందులో వింతేమీ లేదు. కానీ లెంపి వేట ఇంట్లో పుట్టిన పిల్ల. ఖాళీ తూటా చూసింది, గొట్టం చూసింది, కోటు లేకుండా వణుకుతున్న మనిషిని చూసింది.

"గది తొలిచావు," అంది.

"అవును."

"గుర్తు కొట్టలేదు."

"లేదు."

"నువ్వు పరిగెత్తింది నా కోసం. ఆయనే ఇక్కడ కూర్చునుంటే వచ్చేవాడివా?"

రెయినో నోరు తెరిచాడు. అబద్ధం ఆడదామని చూశాడు. ఆడలేక తల దించుకున్నాడు.

 లెంపి మిగిలిన రెండు తూటాలూ, ఆ ఖాళీదీ అతని చేతిలో పెట్టింది.

"నేను ఆయనకి చెప్పను. నువ్వే చెబుతావు. నువ్వు చెప్పేదాకా నీ కొట్టుకి రొట్టె రాదు, నేనూ రాను. ఇప్పుడు కొమ్ములు పట్టు. దీన్ని ఊళ్ళోకి లాగాలి."

రెయినో లాగాడు, ఆ కాలితోనే, మైలున్నర. దూలం దగ్గరికంటే ముందు కొట్టుకి వెళ్ళారు. గడియ తియ్యగానే పదహారు ఉక్కు రేకులు అతని అరచేతిలో రాలాయి. లెంపి వాకిట్లోనే నిలబడింది. గొట్టం మీద అక్షరం తర్వాత అక్షరం అతను గుర్తు కొట్టేదాకా కదల్లేదు.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. బల్ల నిండా మనుషులు, అందరి తుపాకుల మీదా పువ్వులు. తైస్తో అందరూ వెళ్ళేదాకా ఆగి, తన తుపాకీ బల్ల మీద పెట్టాడు. పువ్వు మొలవాల్సిన చోట ఉక్కు బోడిగా ఉంది.

"ఆకులు రాలినన్నాళ్ళూ చూశాన్రా," అన్నాడు. "ఒక్క రేకు లేదు. ఆ ఉర్హో గాడి డొక్కు తుపాకీకి కూడా చారెడంత పూసింది. నేనేం పాపం చేశానంటావ్?"

అంటూ గోడకి ఆనించి ఉన్న ఎవరి తుపాకీనో చూశాడు. ఆ చూపు రెయినోకి బాగా తెలుసు. ఆరేళ్ళు అదే చూపుతో బతికాడు. అది వేరేవాడి ముఖంలో ఇంత దిక్కుమాలినదిగా ఉంటుందని మాత్రం తెలియదు.

తలుపు కిర్రుమంది. లెంపి గడప అవతల ఆగింది. చేతిలో బుట్ట ఉంది. లోపలికి రాలేదు.

రెయినో సొరుగు లాగి, ఖాళీ ఇత్తడి తూటానీ, పదహారు రేకులనీ తీసి తైస్తో ముందు పెట్టాడు. 

"నువ్వు కాదు, తైస్తో. పాపం చేసింది నేను," అన్నాడు. "కూర్చో, చెబుతా. విన్నాక కొట్టాలనిపిస్తే కొట్టు."

తైస్తో కూర్చున్నాడు. లెంపి గడప దాటి లోపలికొచ్చి, బుట్ట కింద పెట్టి, పొయ్యి మీద కాఫీ పెట్టింది.