ఫ్లెక్సీ మీద గౌరీశ్వరి

ఎంపిక జాబితా వచ్చిన మూడో రోజు గౌరీశ్వరి సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించుకోవడానికి గాజువాక జంక్షన్‌కి వెళ్లింది. జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన వచ్చే శుక్రవారం. పదో తరగతి మొదలు కుల ధ్రువీకరణ దాకా అన్నీ మూడేసి కాపీలు కావాలి. కాపీలు తీస్తున్న షాపతను ఆమె మొహంలోకి చూశాడు, బయటికి చూశాడు, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"ఆ ఫొటోలోది నువ్వే కదమ్మా?"

రోడ్డుకి అవతల మేడ మీంచి ఫ్లెక్సీ వేలాడుతోంది. అందులో తన మొహం తలుపంత ఉంది, దాని కింద ఇంటిపేరుతో సహా తన పేరు. పక్కన కోచింగ్ సెంటర్ పేరు, ఉదయకేతన స్టడీ సర్కిల్. కింద ఎర్రటి అక్షరాలు: 'మా క్లాస్‌రూమ్ ఆణిముత్యం. తొలి ప్రయత్నంలోనే ప్రభుత్వ ఉద్యోగం.'

గౌరీశ్వరికి ఇది మూడో ప్రయత్నం. ఆ సెంటర్ క్లాసులో ఒక్క పూట కూడా కూర్చోలేదు.

ఆరేళ్లుగా ఆమె పరవాడలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తోంది. వారానికో షిఫ్టు. కంపెనీ బస్సు ఎక్కాక మిగతావాళ్లు నిద్రపోతుంటే ఆమె ఒళ్లో పుస్తకం పెట్టుకునేది. సెలవు రోజున శాఖా గ్రంథాలయానికి వెళ్లి తలుపులు మూసేదాకా కూర్చునేది. అక్కడ పనిచేసే కాంతం, పోటీ పరీక్షల పుస్తకాలు ఎవరూ పట్టుకుపోకుండా ఆమె కోసం తీసి పెట్టేది. రెండుసార్లు పోయింది. మూడోసారి జిల్లాలో పదకొండో ర్యాంకు వచ్చింది.

రెండేళ్ల కిందట ఇదే ఉదయకేతనకి వెళ్లి, ఆదివారం క్లాసులు చెబుతారా అని అడిగింది. కౌంటర్‌లో మనిషి ఆమె మెడలోని కంపెనీ కార్డు చూశాడు. "షిఫ్టులు చేసేవాళ్లు మధ్యలో మానేస్తారమ్మా. మా రిజల్టు పాడవుతుంది" అని వెనక నిలబడ్డవాళ్లని పిలిచాడు. ఆ మాట ఆమెకు ఇప్పటికీ గుర్తుంది. ఈసారి పరీక్షకి ముందు వాళ్లు అందరికీ ఉచితంగా మాక్ టెస్టు పెడితే, పేపరు అలవాటవుతుందని వెళ్లి రాసి వచ్చింది. అప్పుడు ఫారం మీద ఒక ఫొటో అంటించింది. ఆ ఫొటోనే ఇది.

కాపీలు సంచీలో పెట్టుకుని తిన్నగా సెంటర్‌కి వెళ్లింది. డైరెక్టరు రమణమూర్తి ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచాడు. శాలువా తెమ్మన్నాడు, టీ తెమ్మన్నాడు.

"శాలువా వద్దండి. ఆ ఫ్లెక్సీ దించీండి. నాను మీ దగ్గర సదవలేదు."

"మా టెస్టు రాశారు కదమ్మా. మా టెస్టు రాసినవాళ్లు మా విద్యార్థులే. ఫారం కింద ఉంది, మీరు సంతకం కూడా పెట్టారు." సొరుగులోంచి ఫారం తీసి చూపించాడు. ఆవగింజలంత అక్షరాలు. ఫొటో, ఫలితం ప్రచారానికి వాడుకోవచ్చని ఉంది.

"క్లాస్‌రూమ్ అని రాసేరు. తొలి ప్రయత్నం అని రాసేరు. అవి నా సంతకంలో ఉన్నాయేటి?"

రమణమూర్తి నవ్వాడు. ఊళ్లో పద్నాలుగు చోట్ల కట్టించామని, ఇప్పుడు దించడం కుదరదని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీకు ఇంకా పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. ఆర్డరు చేతికి రాలేదు. ఈ టైములో మీ మీద ఎవరైనా కంప్లయింట్ ఇస్తే ఆ ఫైలు ఎన్నాళ్లు ఆగుతుందో తెలుసా? మీ మంచికే చెబుతున్నాను."

గౌరీశ్వరి మెట్లు దిగింది. భయపడినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

సాయంత్రం తండ్రి త్రినాథరావు పోర్టులో పని దిగి వచ్చాడు. ఆయన ఓడల్లో సరుకు ఎత్తి దించే కాంట్రాక్టు ఖలాసీ. జరిగింది విని, కాళ్లు కడుక్కుని, గడప మీద కూర్చున్నాడు.

"ఒగ్గియ్యే అమ్మా. ఉద్యోగం సేతికి రానీ. ఎండకీ వానకీ అదే సిరిగిపోతాది."

"అప్పటిదాకా అబద్దం అలాగే ఉండాలా నాన్నా?"

"ఆటో ఆపి మా వోళ్లందరికీ సూపించినాను" అన్నాడాయన తల దించుకుని. "ముప్పై ఏళ్లు పన్జేసినాను, నా ఇంటిపేరు అంత పెద్దచ్చరాల్లో ఎక్కడా సూళ్లేదు."

ఆయన సంతోషాన్ని కూడా ఆ రమణమూర్తి తన ఖాతాలో వేసుకున్నాడని గౌరీశ్వరికి అనిపించింది.

మర్నాడు పక్కవాటా జోగమ్మ వచ్చింది. ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటలో చేపలు కొని బుట్టతో వీధులు తిరిగే మనిషి. కూతురు రాణి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. "నీ ఫొటో సూసేక నాకు దైర్నం వచ్చింది గౌరీ. ఆదోరం రాణిని అక్కడే జేర్పించెత్తన్నాను. కాలేజీ మాన్పించీమన్నారు, రెండూ అవ్వవంట."

"పిన్నీ, కాలేజీ మాన్పించకు. నాను అక్కడ సదవలేదు."

జోగమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "అంత బొమ్మ ఏసేరు, అబద్దమేటే?"

"అబద్దమే. నాను లైబ్రరీలో సదివేను. సెలవు రోజున ఎల్లడం నువ్వు సూసేదానివే కదా."

"లైబ్రరీలో పేపర్లు సదూతారు గానీ ఉద్యోగాలు వొత్తాయేటి?" జోగమ్మ లేచి బుట్ట ఎత్తుకుంది. "నా గుంట నీ పక్కన కుర్సీలో కూకుంటాదని నీకు కడుపుమంట. ఆ మాట సెప్పు."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా గౌరీశ్వరి చూస్తూ నిలబడింది. ఆరేళ్లు గోడ పక్కనే ఉండి, తను అర్ధరాత్రి షిఫ్టు దిగి వచ్చి దీపం పెట్టుకోవడం చూసిన మనిషి. తన నోటి మాట కన్నా మేడకి కట్టిన ప్లాస్టిక్ గుడ్డ మాటే నిజమైపోయింది. రమణమూర్తి తన కష్టం ఎత్తుకుపోయాడని మాత్రమే నిన్న అనుకుంది. ఇప్పుడు తన మొహమే చూపించి ఇంకొక పిల్ల చదువు మాన్పిస్తున్నాడు.

ఆదివారం పొద్దున్నే గ్రంథాలయం కార్డు, మూడు పరీక్షల హాల్‌టికెట్లు, కంపెనీ ఇచ్చిన షిఫ్టు కాగితాలు తీసుకుని వెళ్లి సెంటర్ గేటు బయట రోడ్డు మీద నిలబడింది. కొత్త బ్యాచ్‌లో చేర్పించడానికి తల్లిదండ్రులు ఒక్కొక్కరే వస్తున్నారు.

"ఆ ఫొటోలో ఉన్నది నానేనండి. నాను ఇక్కడ సదవలేదు. ఇవి నా కాగితాలు. సూసి, మీకు నచ్చితే జాయిన్ సెయ్యండి."

కొందరు ఆగి కాగితాలు చూశారు. కొందరు ఆమెకు మతి చెడిందన్నట్టు తప్పుకుని లోపలికి పోయారు. స్టీల్‌ప్లాంట్ టోపీ పెట్టుకున్న ఒకాయన మాత్రం ఆమెను వెంటబెట్టుకుని లోపలికి వెళ్లి, "ఈ అమ్మాయి మీ క్లాసుకి వచ్చిన హాజరు చూపించండి" అని కౌంటర్‌లో అడిగాడు. వాళ్లు చూపించలేకపోయారు. ఆయన కొడుకుని తీసుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనకాల ఇంకో ఐదారుగురు వెళ్లిపోయారు.

గౌరీశ్వరి మళ్లీ గేటు దగ్గరికి రాగానే రమణమూర్తి కూడా బయటికి వచ్చాడు. ఈసారి శాలువా లేదు.

"నీ మీద పరువునష్టం కేసు పెడతాను. ఉద్యోగం ఎలా వస్తుందో చూస్తాను."

"పెట్టండి. కేసు పెడితే నాను ఎక్కడ సదివేనో కోర్టులో సెప్పాలి కదా. నాక్కావాల్సింది అదే." ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

పదింటికి జోగమ్మ రాణిని తీసుకుని వచ్చింది. గేటు దగ్గర గుంపుని చూసి ఆగిపోయింది. రాణి తల్లి చెయ్యి విడిపించుకుని వచ్చి, హాల్‌టికెట్ల మీద తేదీలన్నీ వరసగా చదివింది.

"మూడుసార్లు రాసేవా అప్పా?" అని అక్క వరసలో అడిగింది.

"మూడుసార్లు. రెండుసార్లు పోయింది."

రాణి తల్లి వైపు తిరిగింది. "నాను కాలేజీ మాననమ్మా." జోగమ్మ గౌరీశ్వరి మొహం చూడకుండా కూతుర్ని తీసుకుని వెనక్కి తిరిగింది. తర్వాత కూడా చాలా రోజులు ఆమె మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే జంక్షన్‌లో ఫ్లెక్సీ దిగింది. మంగళవారానికి మిగతావి కూడా దింపేశారు. పోర్టులో తోటి ఖలాసీలు అడిగితే త్రినాథరావు, "మా గుంట అక్కడ సదవలేదురా, అదే దించించింది" అని చెప్పాడట. ఆ సంగతి ఇంటికి వచ్చి భార్య చిట్టెమ్మతో చెబుతుంటే గౌరీశ్వరి వంటింట్లోంచి విన్నది.

శుక్రవారం సర్టిఫికెట్ల పరిశీలన అయింది. రెండు వారాలకి వెరిఫికేషన్‌కి వచ్చిన కానిస్టేబులు కేసులేమైనా ఉన్నాయా అని అడిగి, లేవని రాసుకుని వెళ్లాడు. రమణమూర్తి ఏ కేసూ పెట్టలేదు. ఆ నెలాఖరుకి ఎలమంచిలిలో పోస్టింగు ఇస్తూ ఆర్డరు వచ్చింది. కంపెనీలో రాజీనామా ఇవ్వడానికి బస్సెక్కిన రోజున, జంక్షన్‌లో అదే మేడకి కొత్త ఫ్లెక్సీ కనిపించింది. అవే ఎర్రటి అక్షరాలు, అదే ఆణిముత్యం. ఫొటోలో మాత్రం ఇంకో అమ్మాయి ఉంది. ఈసారి పేరు లేదు, కింద హాల్‌టికెట్ నంబరు మాత్రం వేశారు.

బస్సు సిగ్నల్ దగ్గర ఆగి ఉండగానే గౌరీశ్వరి ఆ నంబరు రాసుకుంది. ఎంపికైనవాళ్లంతా కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో, ఈ నంబరు ఎవరిదని అడిగింది. పరవాడ వచ్చేలోగా జవాబు వచ్చింది. శ్రీసత్య అట, ఇంట్లోనే చదువుకుందట. వెంటనే శ్రీసత్యే మెసేజ్ పెట్టింది.

'నేనూ మాక్ టెస్టే రాశానండి. అడిగితే వెరిఫికేషన్ అని భయపెడుతున్నారు. ఏం చెయ్యమంటారు?'

గౌరీశ్వరి బస్సు దిగి, కంపెనీ గేటు పక్కన నిలబడి టైపు చేసింది. 'నీ హాల్‌టికెట్లు తీసుకుని ఆదివారం పొద్దున్నే సెంటర్ గేటు దగ్గరికి రా. నేనూ వస్తాను.'