రెండూ కుడిచేతి చక్రాలే

చెక్క ఓడ చక్రాన్ని ఇరుసుకు ఎక్కించి వేలితో తిప్పి చూశాక కిటికీలాయన అలాగే చతికిలబడిపోయాడు. అవతలి పక్క బావ చేసిన చక్రం రెక్కలు నీటికి ఎదురొడ్డేలా వంగి ఉన్నాయి. ఇవతల తను చేసినవి నీటికి వీపు చూపిస్తున్నాయి.

ఊళ్లో సగం ఇళ్లకు కిటికీలు బిగించింది ఆయనే. సరిగ్గా మూసుకునే కిటికీ గురించి ఎవరు మాత్రం ఏం మాట్లాడుకుంటారు? అందుకే ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు, ఆయనకూ ఆ దిగులు లేదు. కొలత తప్పడమన్నది మాత్రం ఎరగడు.

ఇరుపక్కలా చక్రాలతో ఆవిరి మీద నడిచిన పాతకాలపు యుద్ధనౌక అది. దాని చెక్క నమూనా కావాలని రేవు ఆఫీసువాళ్లు అడిగారు. రేవు పడవల్లో ఇంజన్లకు నూనె పోస్తూ బతికిన బావ, ఆదివారాలన్నీ బల్లకు అటు కూర్చున్నాడు. ఈయన ఇటు కూర్చున్నాడు. చక్రాలు మొదలుపెట్టేటప్పుడు ఇద్దరూ ఒకే మాట అనుకున్నారు: ఓడ ముక్కు కుడిచేతి వైపు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ల కుడిచేతులు ఒకే వైపు ఉండవని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అక్క గుమ్మంలోకి వచ్చింది.

"సాయంత్రం ఓడ కోసం రేవు ఆఫీసు బండి వస్తుందట. రెండు చక్రాలూ కలిసి తిరగడం ఒక్కసారి చూస్తే చాలంటున్నారు మీ బావ. తిరుగుతాయా?"

"తిరక్కేం అక్కా. నేను బిగించాక తిరక్కుండా ఎక్కడికి పోతాయి?"

బావ గుండె ఇక కోలుకోదని డాక్టరు చెప్పేశాడు. ఇంకో ఆదివారం వస్తుందన్న ఆశ ఎవరికీ లేదు.

కొత్త చక్రం చేసే వ్యవధి లేదు. ఉన్నదాన్నే తిరగేసి బిగిస్తే రెక్కలు సరిపోతాయి. కానీ ప్రతి చెక్కకూ ఒక ముఖం, ఒక వీపు ఉంటాయి. ముఖానికి నల్లటి మెరుగు పెట్టి, ఇత్తడి మేకులు వరసగా దిగగొట్టాడు. వీపున చిత్రిక గీతలు, బంక మరకలు, పెన్సిలు గుర్తులు. ఇన్నేళ్లలో ఏ చెక్క వీపూ జనానికి చూపించిన పాపాన పోలేదు. పైగా తిరగబడింది తన చక్రమే, బావది కాదు. ఆయనకు సిగ్గేసింది. బావ మీద కాస్త కోపం కూడా వచ్చింది. తర్వాత చక్రం ఊడదీసి, తిరగేసి బిగించేశాడు.

బావను కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చి, ఓడ వెనక ఉన్న చిల్లిలో నూనె రాసిన చిన్న ఇత్తడి పిడి దూర్చి చేతికిచ్చాడు. బావ మెల్లగా తిప్పాడు. రెండు చక్రాలూ ఒక్క ఊపున ముందుకు నడిచాయి. బావ తిప్పుతూనే ఇటు వంగి చూశాడు.

"ఏరా, చక్రానికి చొక్కా తిరగేసి తొడిగావే."

"కంగార్లో తొడిగాన్లే. నడుస్తోందా లేదా చెప్పు బావా."

"భేషుగ్గా నడుస్తోంది. ఇన్నేళ్లూ చూసిన నీ ముఖం కంటే ఈ వీపే నయం."

ఇద్దరూ నవ్వారు. బావ దగ్గు వచ్చేదాకా నవ్వాడు, దగ్గు తగ్గాక మళ్లీ తిప్పాడు. కిటికీలాయనకు కడుపు నిండిపోయింది.

బండి వచ్చింది. పిడి అడ్డొస్తుందని బావే దాన్ని లాగేశాడు. ఓడను గుడ్డల్లో చుట్టి ఎక్కించేదాకా కిటికీలాయన వీధిలోనే నిలబడ్డాడు. లోపలికి వచ్చేసరికి బావ తల పక్కకు వాలి ఉంది. నిద్ర పట్టిందనుకుని అక్క దుప్పటి కప్పుతోంది. ఆయన బావ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. అక్క చేతులు పట్టుకుని పక్కన కూర్చోబెట్టాడు. చెప్పాల్సిన పని లేకపోయింది.

సందు మలుపు దాకా వెళ్లిన బండివాడు వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలి సంగతి వాడికి తెలియదు.

"పెద్దాయనా, చక్రాలు తిప్పే పిడి ఇవ్వలేదు."

అక్క ఏడుస్తూనే బావ వేళ్లు విప్పబోయింది. కిటికీలాయన ఆమె చెయ్యి ఆపాడు.

"ఉండనీ అక్కా," అని, బండివాడి వైపు తిరిగి, "నువ్వు పద. ఇంకోటి చేసి నేనే తెచ్చిస్తాను," అన్నాడు.

దుప్పటి అంచు కింద, బావ పిడికిట్లోంచి ఇత్తడి పిడి కొస కాస్త బయటికి ఉంది, నూనె వేళ్ల మరకతో.