పలక మీద ఎంగిలి వేలు

ఆకివీడు దగ్గరి ఆ చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. పెళ్ళయి ఎన్నేళ్ళయినా సరే, గుమ్మం దాటగానే మొగుడూ పెళ్ళాం విడిపోవలసిందే. ఈ కట్టుబాటు నుంచి ముప్ఫయ్యేళ్ళపాటు తప్పించుకున్న ఘనుడు రాజరత్నం మాస్టారు ఒక్కరే. ఆయన భార్య స్టెల్లా కాళ్ళ హార్మోనియం వాయించేది. రెండు చేతులూ మెట్ల మీద, రెండు కాళ్ళూ తిత్తుల మీద ఉంటే పాటల పుస్తకంలో పేజీ తిప్పేదెవరు? అందుకని ఆడవాళ్ళ వైపు, కిటికీ పక్కన, ఆవిడ మోచేతికి ఆనుకుని ఒక స్టూలు పడింది. తాడేపల్లిగూడెం కాలేజీలో బోటనీ పాఠాలు చెప్పిన మనిషి, ఆదివారం పూట ఆ స్టూలెక్కి, నాలిక మీద వేలు తడుపుకుని పేజీలు తిప్పేవారు. మిగతా మొగుళ్ళు కుళ్ళుకునేవారు. పెళ్ళాం పక్కన కూర్చున్నందుకు కాదు, కిటికీ గాలికి.

స్టెల్లా పోయి రెండేళ్ళయింది. హార్మోనియం మీద గుడ్డ కప్పారు. మగవాళ్ళ వైపు ఎలక్ట్రిక్ కీబోర్డు వచ్చింది, పాటల పుస్తకాల బదులు గోడ మీద తెర వచ్చింది. ఇక స్టూలు పోయినట్టే అనుకున్నారు మాస్టారు. కానీ దేవుడు దయామయుడు, తెర మీద కూడా పేజీలుంటాయి. సంఘ కార్యదర్శి జోసెఫ్ గారు తన పాత ల్యాప్‌టాప్ దానం చేశారు. దాన్ని పెట్టడానికి హార్మోనియం మీది ఏటవాలు చెక్క తప్ప చోటు దొరకలేదు. "తిప్పే చెయ్యి ఉండనే ఉందిగా," అంది ముందు వరసలో కూర్చునే సలోమి. అలా మాస్టారి చోటు మాస్టారికే మిగిలింది.

చిక్కల్లా ల్యాప్‌టాప్‌తోనే. ఈస్టరునాడు దాని మీద ద్రాక్షరసం ఒలికింది. "పవిత్రమైనదే కదండీ, ఏమీ కాదు," అని జోసెఫ్ గారు తుడిచేశారు. బాణం గుర్తుల మీటలూ, స్పేస్ బారూ ఆ సాయంత్రమే ప్రభువునందు నిద్రించాయి. మౌస్ పెడదామంటే ఏటవాలు మీంచి జారి సలోమి ఒళ్ళో పడేది. ఇక మిగిలింది మీటల కింద ఉండే ఆ చదరపు ముక్క. కంపెనీ వాళ్ళు దాన్ని టచ్‌ప్యాడ్ అన్నారు, సంఘం పలక అంది.

పలక మీద వేలు పెట్టే ముందు మాస్టారు నాలిక మీద తడుపుకునేవారు. ఆయన తడుపుకునేవారనడం కూడా తప్పే, వేలే వెళ్ళి తడుపుకొచ్చేది. పొడివేలైతే చెప్పినట్టు వినే పలక, ఎంగిలి తగలగానే పూనకం వచ్చినట్టు ఊగేది. తెర మీద బాణం కప్పలా గెంతేది. ఓ ఆదివారం కానుకల పాట మధ్యలో సంఘమంతా వెనక్కి పడింది.

"అన్నయ్యగారూ, మూడో చరణంలో ఉన్నవాళ్ళం మొదటి చరణంలోకి వచ్చాం. మళ్ళీ తిరిగి జన్మించమంటారా?" అని కేకేసింది సలోమి.

ఆరాధన అయ్యాక జోసెఫ్ గారు చాలా మర్యాదగా దగ్గరికొచ్చారు. ఆయన మర్యాదగా వచ్చారంటే కొంప మునిగిందన్నమాటే.

"మాస్టారూ, వచ్చే బుధవారం మా సిల్వియా పెళ్ళండి. భీమవరం నుంచి పెద్ద పాస్టరుగారు వస్తున్నారు. ఆరోజు ఒక్క పొరపాటు జరిగినా, ఈ పని మా మేనల్లుడు రాజ్ కుమార్‌కి అప్పగించేద్దామండీ. సాఫ్ట్‌వేరు వాడు. మీరు హాయిగా మా వైపు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుందురు గాని."

మాస్టారు ఆ ఫ్యాను కేసి చూశారు. కొత్తది. మంచి గాలే వస్తుంది. అయినా ఆయన కళ్ళు కిటికీ పక్క స్టూలు మీదికే తిరిగాయి.

మర్నాడే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఏలూరు బస్సెక్కారు. కిటికీ పక్క సీటు దొరికింది. కొల్లేరు దాటేదాకా పక్కనాయన నిద్రలో భుజం మీద వాలిపోయాడు. బరువైనా అదీ బాగానే ఉందనిపించింది ఆయనకి.

అక్కడ రిపేర్లు చేసే జానీ కొట్టులో మిక్సీలు, కుట్టు మిషన్లు, కంప్యూటర్లు కలిసే బతుకుతాయి. వెనక గుమ్మంలో అతని భార్య మరియంబీ పిండి కలుపుతోంది.

"మీ వేలు మంచిదే మాస్టారూ. పలకే ఇంకా ఎదగలేదు," అన్నాడు జానీ, పలకని లుంగీ అంచుతో తుడుస్తూ. "ఎంగిలికీ వేలికీ తేడా తెలియని వయసు."

"ఎదిగితే ఎలా ఉండాలంటావు?" అన్నారు మాస్టారు. కాలేజీలో పిల్లల్ని ప్రశ్నలడిగిన గొంతు ఇంకా అలాగే ఉంది.

"ఇంత పెద్దదవ్వాలండి, అప్పడమంత. రెండు వేళ్ళతో ఈడిస్తే పేజీ జరగాలి. మూడు వేళ్ళతో అంటే పాటే మారిపోవాలి."

"అయిదు వేళ్ళూ పెడితే?"

"కొట్టారనుకుని ఆగిపోద్ది."

"నొక్కితే కిందనుంచి చిన్నగా తిరిగి తట్టాలయ్యా. 'అందిందండీ' అన్నట్టు. నా వేలికి ఆ జవాబు లేకే ఒకటికి రెండుసార్లు నొక్కుతున్నాను."

"భలే! ముట్టుకుంటే పలికే పలక!"

"అసలు చెయ్యే అక్కర్లేకుండా, కంటితో చూస్తే కదిలితే?"

జానీ తల అడ్డంగా ఊపాడు. "వద్దు మాస్టారూ. మీరు ప్రార్థనకి కళ్ళు మూస్తే అది షట్‌డౌన్ అయిపోద్ది."

"పోనీ, మాటతో. ఆమెన్ అంటే పేజీ తిరగాలి." అనేసి మాస్టారే నాలిక కరుచుకున్నారు. ఎవరు నోరు తెరిచినా ఆమెన్ అనే మనిషి సలోమి. ఆవిడ నోటికి పెట్టెలో పాటలన్నీ ఒక్క పూటలో అయిపోతాయి.

"ఎంతసేపూ మీ మీ వేళ్ళ గోలేనా?" అంది మరియంబీ. "చేతికి పిండి ఉన్నా పని చేసేది చెయ్యండి, చూద్దాం."

ఆ మాటకి జానీ చెయ్యి కుట్టు మిషను తొక్కుడు పలక మీదికి వెళ్ళింది. "మీరు చెప్పినవన్నీ వచ్చేసరికి సిల్వియమ్మ మనవరాలికి పెళ్ళవుతుంది. అందాకా కాలుంది కదా మాస్టారూ!"

ఒక మౌస్ పొట్ట కోసి, ఎడమ బటన్ నుంచి రెండు తీగలు లాగి, చెక్క ముక్కకి బిగించిన కాలింగ్ బెల్ స్విచ్చికి అతికించాడు. బాణం పాట మీద అడ్డుపడకుండా తెర పైమూలకి తోసి, మౌస్‌ని టేపుతో ల్యాప్‌టాప్ వెనక అంటించాడు. కాలితో నొక్కితే పేజీ తిరిగింది. మరియంబీ పిండి చేతులు పైకెత్తి పట్టుకుని, పాదంతో నొక్కి చూసి, "ఇదీ యంత్రమంటే," అంది.

బుధవారం మొదటి పాట పూలరథంలా నడిచింది. మాస్టారు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో నొక్కుతూ, పెళ్ళికొడుకు కన్నా హుందాగా కూర్చున్నారు. జోసెఫ్ గారు దూరం నుంచే తల ఊపారు.

రెండో పాట హుషారైంది. అక్కడ వచ్చింది తంటా. ముప్ఫయ్యేళ్ళు స్టెల్లా కాళ్ళ పక్కన తాళం వేసిన కాలది. చెయ్యి అలవాటు గురించి అంత ఆలోచించిన మనిషి, కాలికీ ఓ అలవాటుంటుందని మర్చిపోయారు. పల్లవి ఎత్తుకోగానే కాలు తాళం అందుకుంది. ఒక్కో దెబ్బకి ఒక్కో పేజీ!

సంఘం పాపం విధేయురాలు, తెర మీద ఏముంటే అదే పాడింది. పల్లవిలో ఒక మాట, రెండో చరణంలో ఒక మాట, మూడో పాటలో ఒక మాట, భోజనాల ప్రకటనలో 'చేపల పులుసు'. ఆ మాట అందరూ కలిసి మంచి శ్రుతిలో పాడారు. మాస్టారికి సంగతి తెలిసి కాలెత్తేలోపు పాటలైపోయి, తెర నల్లబడి, ఇంకో దెబ్బకి పాటల ప్రోగ్రామే మూసుకుపోయింది. దాని వెనక, ల్యాప్‌టాప్ ఆయనదిగా ఉన్న రోజుల నుంచీ ఉండిపోయిన జోసెఫ్ గారి సొంత ఫోటో గోడంతా నిండింది. నడుముకి చిన్న తువ్వాలు, మోకాళ్ళదాకా చెరువు, చేతుల్లో చంటిపిల్లంత బొచ్చె చేప.

"ఆమెన్," అంది సలోమి.

పెద్ద పాస్టరుగారు కళ్ళు మూసుకునే ఉన్నారేమో, పాట అయిపోయిందనుకుని ఆయనా ఆమెన్ అనేసి దీవెనలోకి దిగిపోయారు. ముసుగు కింద సిల్వియా భుజాలు అదురుతున్నాయి. ఏడుపని కొందరనుకున్నారు గాని, నవ్వు.

భోజనాల దగ్గర జోసెఫ్ గారు మాస్టారి పక్కన కూర్చున్నారు. చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"రాజ్ కుమార్ పొడుగు కేబులు వేస్తానన్నాడండి. ల్యాప్‌టాప్ మా వైపు వెనక బల్ల మీదికి వెళ్ళిపోతుంది. ఆ స్టూలు తీసేస్తే ఆడవాళ్ళకి కాస్త చోటు కలుస్తుంది."

మాస్టారి నోట్లో కొత్త పలకల నమూనాలు ఇంకా మూడు సిద్ధంగా ఉన్నాయి. కాలి తాళాన్నీ నొక్కుడినీ వేరు చేసేది వాటిలో ఒకటి. చెప్పబోయి, అన్నం మెతుకు మింగి, "ల్యాప్‌టాప్ మీరే తీసుకోండి జోసెఫ్ గారూ. నాకు ఆ స్టూలు ఉంచండి," అన్నారు.

"స్టూలు మీద ఏం చేస్తారండీ?"

"కూర్చుంటానండీ."

వడ్డించేవాళ్ళు కూడా ఆగారు. జోసెఫ్ గారు గొంతు సవరించుకున్నారు. "అంటే... పనంటూ లేకుండా ఆడవాళ్ళ వైపు ఊరికే కూర్చోవడం..."

"ఏవండీ," అంది ఎదురు వరసలోంచి సలోమి, విస్తరిలోంచి తలెత్తకుండా. "ఆ వైపు సంగతి ఆ వైపు వాళ్ళం చూసుకుంటాం. ఆ స్టూలు ఎవరి పక్కన వేసిందో మాకు తెలుసు. తువ్వాలు కట్టుకుని గోడెక్కినవాళ్ళు మాకు మర్యాదలు చెప్పక్కర్లేదు."

ఆడవాళ్ళ వరసంతా ఒక్కసారి నవ్వింది. జోసెఫ్ గారు పంట్లోంచి చేప ముల్లు తీసుకుంటున్నట్టు నటించి, పులుసు బకెట్టు కేసి చెయ్యి ఊపారు.

"మాస్టారికి ఇంకో ముక్క వెయ్యండర్రా. తోక కాదు, నడిముక్క."