రెండో గీత

నేను ఒక జెర్మేనియం ముక్కను. అరచేతిలో పట్టేంత ఉంటాను. పుట్టింది పరదేశంలో. కరిగిన ముద్దలోంచి నన్ను కొంచెం కొంచెంగా పైకి లాగి గడ్డకట్టించారు. లక్ష కోట్ల పరమాణువుల్లో ఒక్కటి కూడా పరాయిది ఉండకూడదని పట్టుబట్టారు. మనుషులు తమలో తాము ఎంత ప్రయత్నించినా సాధించలేని శుద్ధి నా మీద సాధించి సంబరపడ్డారు. తరవాత అల్యూమినియం టోపీలో పెట్టి, కింద ద్రవ నైట్రోజన్ డబ్బా తగిలించి, ఓడ ఎక్కించారు. దిగింది మన తీరంలోనే, ఒక అణు ప్రయోగశాలలో.

నా పని చూడటం; ఇక్కడ నన్ను డిటెక్టరు అంటారు. పరమాణువుల లోపల ఉండే కేంద్రకాలు వదిలే గామా కిరణం నాలోకి వస్తే దాని బలం ఎంతో చెబుతాను. తెర మీద అది ఒక గీతగా లేస్తుంది. గీత ఎంత సన్నగా ఉంటే నా చూపు అంత బాగున్నట్టు. చూపు ఆనాలంటే ఎప్పుడూ గడ్డకట్టే చలిలో ఉండాలి. అందుకని పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఎనిమిదింటికి నైట్రోజన్ పోయాలి.

పోసేవాడు పైడిరాజు. విజయనగరం దగ్గర పల్లె. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. పదిహేడేళ్లుగా కాంట్రాక్టు మనిషి. ఏటేటా గేటు పాసు కొత్తది ఇస్తారు, ఫోటో మాత్రం పాతదే అతికిస్తారు. ఆ ఫోటోలో ఉన్న కుర్రాడు ఇంకా ఉద్యోగం పర్మనెంటు అవుతుందని నమ్ముతున్నట్టు కనిపిస్తాడు.

ప్రొఫెసర్ కామేశం గారిది పెద్ద పేరు. ఏడేళ్ల కిందట ఒక కేంద్రకాన్ని నాతోనే చూశారు. ఉండాల్సినవాటికంటే న్యూట్రాన్లు మరీ ఎక్కువున్న కేంద్రకం అది. గీత వెడల్పుగా వచ్చింది. వెడల్పులో కొంత నా చూపు మందగించడం వల్లేనని ఆయనకు తెలుసు. కాని మిగతాది పక్కపక్కన అతుక్కున్న రెండు గీతలేనని నమ్మి వ్యాసం రాశారు. ఆ రెండో గీతను విడదీసి చూపించే పని తన విద్యార్థిని షమీమ్‌కు అప్పగించారు. నరసరావుపేట అమ్మాయి. అలాంటి కేంద్రకాలను పుట్టించే పెద్ద యంత్రం తన వంతుకు రావడానికి నాలుగేళ్లు ఎదురుచూసింది. వచ్చింది అయిదే రోజులు. మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. ఆమె పట్టా అంతా ఆ అయిదు రోజుల మీదే ఉంది.

వంతుకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయనగా పైడిరాజు సిరిమాను జాతరకు సెలవు పెట్టాడు.

"నైట్రోజన్ నేను పోస్తాలే బాబాయ్, నువ్వు వెళ్లిరా," అంది షమీమ్.

ఆమె లెక్కల్లో పడి సాయంత్రం మరిచిపోయింది. మర్నాడు పొద్దున కూడా మరిచిపోయింది. మధ్యాహ్నం గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చేసరికి డబ్బా ఎండిపోయింది, నేను సగం వెచ్చబడ్డాను. భయపడి వెంటనే నిండా పోసేసింది. నైట్రోజన్ పోసిన వేళలు రాసే పుస్తకంలో ఉదయం ఎనిమిది అని రాసింది.

పోయకపోవడం కంటే అప్పుడు పోయడమే పెద్ద పొరపాటు. ఇన్నేళ్లలో న్యూట్రాన్లు తగిలి నాలో చిన్న చిన్న గాయాలయ్యాయి. చలిలో ఉన్నంతకాలం అవి ఉన్నచోటే ఉంటాయి. సగం వెచ్చబడితే కదిలి, ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. అప్పుడు మళ్లీ చల్లబరిస్తే అలాగే నిలిచిపోతాయి. అవి మానాలంటే నిండా వేడిచేసి రోజుల తరబడి ఉంచాలి.

జాతర నుంచి వచ్చిన పైడిరాజు నైట్రోజన్ నిల్వ ఉండే పెద్ద ట్యాంకు ముల్లు చూశాడు. రెండు రోజులకు తగ్గాల్సినదానికంటే ఎక్కువ తగ్గింది. చల్లగా ఉన్న డబ్బా అంత తాగదు. నా చూపు పరీక్షించడానికి రేడియోధార్మిక కోబాల్టు బిళ్ల తెచ్చి నా ముందు పెట్టాడు. దాని గీత ఎప్పుడూ సన్నగా లేవాలి. బొద్దుగా లేచింది.

"ఏటమ్మా, ఎండగట్టేసినావా దీన్ని?"

షమీమ్ తలుపు దగ్గరగా వేసింది. "సార్‌కి చెప్తావా?"

"నాను సెప్పను. నువ్వే సెప్పాల. జబ్బు దాసేత్తే మందెలగేత్తారు?"

ఆమె వెళ్లి చెప్పింది. "ఎనిమిదింటికి పోశానని రాశాను సార్. పొయ్యలేదు. మధ్యాహ్నం పోశాను."

కామేశం గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఎండిపోయిందని ఆ రోజే చెప్తే ఒక రోజు మిగిలేది కదమ్మా. మరిచిపోవడం ఎవరికైనా ఉంటుంది. ముందు పుస్తకంలో అసలు టైము రాసిరా."

వంతుకు ఏడు రోజులే మిగిలాయి. వేడిచేయడానికి నాలుగు, తిరిగి చల్లబరచడానికి ఒకటిన్నర. పైడిరాజు నా టోపీ లోపలి గాలిని పంపుతో పూర్తిగా లాగేసి, చుట్టూ హీటరు పట్టీ కట్టి, వంద డిగ్రీల దగ్గర నిలబెట్టాడు. దాటితే లోపలి అతుకులు పోతాయి. హీటరు మీద అతనికి నమ్మకం లేదు. స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. అతను అన్నానికి వెళ్తే షమీమ్ కూర్చునేది.

"మరి, నీ కేంద్రకం ఎన్నాళ్లు బతుకుద్దమ్మా?"

"అర సెకను కూడా బతకదు బాబాయ్."

"అర సెకనుకి నాలుగేళ్లు కాసినావా. మా ఆవిడ నాకోసం నాలుగు నిమిసాలు కాయదు."

షమీమ్ నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి.

"ఎందుకలగ సచ్చిపోద్ది?"

"న్యూట్రాన్ల బరువు ఎక్కువ దానికి. ఎక్కువసేపు మొయ్యలేదు. పోయేముందు కొంచెం వెలుగు వదుల్తది. దాన్నిబట్టి ఆకారం చెప్తాం. ఒక్క గీతొస్తే గుండ్రంగా ఉన్నట్టు. పక్కన రెండోది కూడా వస్తే, కొన్ని కీర దోసకాయలాగా సాగిపోతున్నాయన్నమాట."

"రెండోది రాకపోతే?"

షమీమ్ వంగి హీటరు ముల్లు చూసింది, వంద దగ్గరే ఉంది.

ఆ నాలుగు రోజుల్లో నా గాయాలు ఒక్కొక్కటే మానాయి. చల్లబడ్డాక కోబాల్టు గీత వెంట్రుకలా లేచింది. పైడిరాజు తెర మీద దాన్ని వేలితో కొలిచి, వెళ్లి టీ తాగొచ్చాడు.

యంత్రం నడిచింది. మూడో రోజు మధ్యాహ్నానికి ఒక గీత మొలిచింది. అయిదో రోజుకు నిటారుగా, సన్నగా నిలబడింది. పక్కన ఖాళీ.

కామేశం గారు ముందుకు వంగి చాలాసేపు చూశారు. "పక్కన ఏమీ లేదు."

"లేదు సార్."

"ఏడేళ్లుగా ఈ రెండో గీత గురించి ఊరూరా చెప్పుకుంటూ వచ్చాను."

ఆమె తలవంచుకుంది. "అది గీత కాదనుకుంటా సార్. అప్పట్లో ఈ డిటెక్టరు చూపు మసక."

నోరుంటే నేనే ఒప్పుకునేదాన్ని. ఆ వెడల్పంతా నాదే. నాకు ఆనని చోట ఆయన తన ఆశ నింపుకున్నారు. నన్ను తీసి పారేయమంటారేమో అనుకున్నాను. ఆయన నా టోపీ మీద చెయ్యి వేశారు. "దీన్నేమీ అనకమ్మా. ఉన్న చూపుతో చూసింది పాపం."

అప్పుడే నైట్రోజన్ గొట్టంతో పైడిరాజు వచ్చాడు. "ఏటమ్మా, వొచ్చిందా?"

"రాలేదు బాబాయ్. ఒకటే."

"మరి నీ పట్టా? ఒకటే ఉందని రాత్తే ఇత్తారా?"

కామేశం గారే అందుకున్నారు. "ఇస్తారయ్యా. ఒకటే ఉందని రాస్తుంది. రెండున్నాయన్న నా వ్యాసం తప్పని కూడా రాస్తుంది. దాని కింద నేను సంతకం పెడతాను."

షమీమ్ మొహం అవతలికి తిప్పుకుని, చున్నీతో కళ్లు తుడుచుకుంది. పైడిరాజు అటు చూడకుండా గొట్టం బిగించుకుంటూ నిలబడ్డాడు.

వాళ్లు ముగ్గురూ చూసింది గీతను. ఆ గీతలో మూడు వందల పైచిలుకు కేంద్రకాలు ఉన్నాయి. ఒక్కొక్కటి అర సెకనైనా నిలవకుండా పోతూ ఇంత వెలుగు నా మీద వేసి వెళ్లింది. వాటిని విడివిడిగా చూసింది నేనే. మోయలేనంత మోశాయి. ఏ ఒక్కటీ ఆకారం చెడలేదు.