ఎర్రదారం కుండ

మా ఇంట్లో మంచినీళ్ళకు రెండు కుండలు. తెల్లదారం కట్టింది మగవాళ్ళకూ చుట్టాలకూ. ఎర్రదారం కట్టింది మా అత్తకూ నాకూ. మూడురోజులకొకసారి వీధి కుళాయిలో పట్టి దాచిన నీళ్ళు తెల్లదారం కుండలోకి, పెరటి బావి నీళ్ళు ఎర్రదారం కుండలోకి. తెల్లవారుజామునే లేచి ఆ రెండూ నింపి, వంట చేసి, మా ఊరు గుడియాత్తంలో బస్సెక్కి, వేలూరులో దిగి, కాలేజీ పిల్లలకు పర్యావరణం చెబుతాను. నీళ్ళ గురించి మహా గొప్పగా చెబుతాను. తలుచుకుంటే నామీద నాకే రోత పుడుతుంది.

"ఆడదాని కడుపుకు ఏ నీళ్ళయినా అరగతాయమ్మా" అని కాపురానికి వచ్చిన మొదటిరోజే మా అత్త తంగమ్మ చెప్పింది. వాళ్ళ వంశాచారం కాబోలు అనుకున్నాను. ఎం.ఏ. చదివిన నోరు, ఆచారం అనేసరికి మూతపడింది. బావి గోడకు అవతలే మా ఆయన గోపినాథ్ నూలు అద్దకం షెడ్డు. మార్కెట్లు తెరిచారు, లుంగీలకు బయటిదేశాల ఆర్డర్లు వచ్చాయి, మగ్గం గుంటలో కూర్చుని బతికిన ఇల్లు కాస్తా మేడైంది. తొట్లలో మిగిలిన రంగునీళ్ళు షెడ్డు వెనక గుంతలోకి పోతాయి. అక్కణ్ణుంచి ఎక్కడికి ఇంకుతాయో బోర్డుమీద బొమ్మ గీసి మరీ చూపించగలను. కడుపునొప్పికి మాత్రలు మింగుతూ ఆరేళ్ళుగా అదే బొమ్మ గీస్తున్నాను.

తొంభై ఏడులో మా కాలేజీలో పర్యావరణ స్త్రీవాదం అని కొత్త పేపరు పెట్టారు. "ఆడవాళ్ళ సబ్జెక్టు కదమ్మా, మీరే చూసుకోండి" అని ప్రిన్సిపాల్ దాన్ని నా నెత్తిన రుద్దాడు. పిల్లలు దానికి నిద్ర పీరియడ్ అని పేరు పెట్టారు. ఒక గురువారం, ఊళ్ళో నీళ్ళు పాడైతే ముందు ఆడవాళ్ళ నడుములే విరుగుతాయని చెబుతుంటే, వెనక బెంచీలో శరవణన్ నవ్వాడు. మా ఊరి తెలుగు నేతవాళ్ళ పిల్లవాడే. క్లాసంతా తమిళంలో నడుస్తున్నా, నన్ను ఎగతాళి చెయ్యడానికి మాత్రం వాడికి తెలుగే కావాలి.

"నీళ్ళకు ఆడామగా యేంది మేడమ్? బాయి చెడిపోతే అందరికీ చెడిపోతాది. మగోళ్ళకు ఒక నీళ్ళు, ఆడోళ్ళకు ఒక నీళ్ళు పోసే ఇల్లు యాడన్నా ఉండాదా?"

క్లాసు గొల్లుమంది. ముందు బెంచీలో మోనిష ఒక్కతే నవ్వకుండా నావైపు చూసింది. ఉంది, మా ఇల్లే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "రెండో పాఠం తియ్యండి" అన్నాను.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం కుండలు తోమి, నీళ్ళు నింపి, మెడలకు కొత్త దారాలు కట్టడం మా ఇంటి పద్ధతి. శరవణన్ మాటే బుర్రలో తిరుగుతుంటే దారాలు తారుమారుగా కట్టేశాను. అది గమనించక తెల్లదారం కుండలోంచి చెంబు ముంచి గోపినాథ్ చేతికిచ్చాను. ఒక్క గుక్క తాగి నట్టింట్లో తుపుక్కున ఉమ్మేశాడు.

"థూ! బాయి నీళ్ళిచ్చినావేమే! కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

"ఒక్క గుక్కకే ఎట్ల తెలిసింది మీకు? ఈ నీళ్ళు మీరెప్పుడు తాగినారు?"

"షెడ్డు పెట్టిన ఏడే తాగినా. నోట్లో పెట్టుకోను కాలా. దాంతోనే గదా అమ్మకు చెప్పి రెండు కుండలు పెట్టించింది! కుళాయి నీళ్ళు అందరికీ యాడ చాలతాయి?"

షెడ్డు పెట్టింది మా పెళ్ళికి ముందు ఏడాది. వంశాచారం వయసు ఏడేళ్ళు! అత్తవైపు చూశాను. వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"పెద్దల కాలం నించీ వచ్చే ఆచారమని చెప్పమనె వాడు. నేనూ అవే గదమ్మా తాగతా ఉండేది" అంది.

నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. నా కడుపులోకి పోయేదేమిటో తెలిసే, ఈ మనిషి ఆరేళ్ళు నా పక్కన పడుకున్నాడు.

"అట్ల చూస్తావేంది? తుడువు" అన్నాడు. "ఈ మాట గడప దాటిందంటే షెడ్డుకు సీలు పడతాది. దాటించినావంటే నువ్వు మళ్ళా ఈ ఇంట్లో కాలు పెట్టొద్దు."

ఆ ఉమ్ము నేను తుడవలేదు. దాన్ని దాటుకుని వెళ్ళి బస్సెక్కాను. పుట్టింట్లో నాకు గది లేదు, వేలూరులో అద్దె ఇల్లు లేదు. ఉన్నది ఉద్యోగం ఒక్కటే. అది చాలదా అని నన్ను నేనే నాలుగుసార్లు అడిగాను.

క్లాసులోకి పోగానే సుద్దముక్క తీసుకున్నాను.

"శరవణా, నిన్న అడిగినావే, అట్లాంటి ఇల్లు యాడుండాదని. రేపు చూపిస్తా. అందరూ అడ్రసు రాసుకోండి. తలా రెండు సీసాలు తెచ్చుకోండి. బావి నీళ్ళు ఒకదాంట్లో, కుళాయి నీళ్ళు ఒకదాంట్లో పట్టి పరీక్షకు పంపిస్తాం."

బోర్డుమీద షెడ్డు పేరు రాశాను. వీధి పేరు, తలుపు నంబరు రాశాను. శరవణన్ పెన్ను ఆగిపోయింది. వాళ్ళ నాన్న నూలు తీసుకునేది అక్కడే.

"మేడమ్, ఇది గోపినాథన్న షెడ్డు గదా? మీ ఇల్లు గదా మేడమ్?" వాడి గొంతులో నిన్నటి ఎగతాళి లేదు.

"అవును, మా ఇల్లే. పొద్దున పదింటికి రండి, నేను ఇంటికాడే ఉంటా. తిరిగొచ్చేటప్పుడు మాత్రం బస్సులో నాకొక సీటు ఉంచండి. ఒక పెట్టెకు కూడా చోటు కావాల."