అర్జునరావు దిండు

జీపు కింద వెల్లకిలా పడుకుని, వెనక కొక్కేనికి రెండో చుక్క వెల్డింగ్ పెడుతున్నాడు అర్జునరావు. అప్పుడే షెడ్డు ముందు కారు హారన్ మోగింది. మూడో చుక్క పెట్టబోయి ఆగాడు.

"ఒరే అర్జునా! సాయిశంకర్ బాబొచ్చీసారు. ఆ డొక్కు జీపుని అలగొగ్గీసి రా," అని అరిచాడు షెడ్డు యజమాని దేవీప్రసాద్.

"కొక్కెం సగమే అతికింది సార్. ఇంకో పావుగంటలో అయిపోద్ది."

"జీపుని ఎవడు సూత్తాడ్రా? ఎల్లి పెద్ద బండి బంపర్ తుడు."

అర్జునరావు నల్లద్దం పక్కన పెట్టి మోచేతుల మీద పాకుతూ బయటికి వచ్చాడు. లేచి నిలబడినా పెద్ద తేడా ఏమీ లేదు. అతను ఐదడుగులకు రెండు వేళ్ళు తక్కువ. యాభై ఒక్క ఏళ్ళు. ముంజేతుల నిండా చోళ్ళ గింజలు చల్లినట్టు నిప్పురవ్వల మచ్చలు. ఎడమ భుజం మీద ఒకచోట చర్మం మడమలా గట్టిపడి ఉంటుంది. చిన్నప్పుడు తండ్రితో పాటు పడవను ఒడ్డుకు మోసిన కర్ర ఒత్తుకున్న చోటు అది. తండ్రి పోయి, పడవలో వాటా పోయాక, పంతొమ్మిదో ఏట అర్జునరావు గోపాలపట్నం షెడ్డులో చేరాడు. ఆ భుజం మాత్రం అలాగే ఉండిపోయింది.

షెడ్డు మధ్యలో పెద్ద బండి నిలబడి ఉంది. రెండు నెలల క్రితం అది కూడా రోడ్డు మీద తిరిగే బళ్ళలాంటిదే. అర్జునరావు దాని స్ప్రింగులు మార్చి జానెడు ఎత్తు లేపాడు. చక్రాల పై రేకులు కోసి, తన ఛాతీ దాకా వచ్చే టైర్లు ఎక్కించాడు. ఇంజన్ దుమ్ము పీల్చకుండా అద్దం పక్క నుంచి కప్పు దాకా ఒక గొట్టం వేశాడు. ముందు ఇనుప బంపర్, దానికి రెండు లావుపాటి కొక్కేలు కట్టాడు. నాలుగు చక్రాలూ ఒకేసారి తిరుగుతాయి. రేపు ఆ బండిని లారీ మీద రాజస్థాన్ పంపిస్తారు. అక్కడి ఎడారిలో సాయిశంకర్, అతని స్నేహితులు ఐదు రోజుల పాటు ఇసుక కొండలు ఎక్కి దిగుతారు. ఈరోజు భీమిలి అవతలి ఇసుక దిబ్బల మీద దాన్ని నడిపి చూస్తారు.

షెడ్డు గోడకు అలాంటి బళ్ళ ఫోటోలు పంతొమ్మిది ఉన్నాయి. కొన్ని ఎడారిలో, కొన్ని మంచులో. అన్నీ అర్జునరావు చేతి పనే. ఒక్కదాంట్లోనూ అతను లేడు. లైసెన్సు ఉంది. గడువు అయిపోయినప్పుడల్లా మరిచిపోకుండా మళ్ళీ చేయించుకునేవాడు. కానీ ఈ బళ్ళను అతను నడిపిన దూరం షెడ్డు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకానే. అది కూడా మొదటి గేరులో.

మూడు వారాల క్రితం, ఆదివారాలు కూడా పని చేయమని అడిగినప్పుడు సాయిశంకర్ ఒక మాట అన్నాడు. "తొందరగా పూర్తి చెయ్యి అర్జునా. ట్రయల్ రోజు ఇసకలో నువ్వే నడుపుదువుగాని." అర్జునరావు ఇంటికెళ్ళి ఆ మాట భార్య ఈశ్వరికి చెప్పాడు. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా ఇంట్లో లేడు.

ఈశ్వరి నిన్న సాయంత్రం ఎండుచేపల గంప దించాక, తన నీలం చీరలో చిరగని ముక్క చూసి కత్తిరించింది. కొత్త బూరుగు దూది నింపి దిండు కుట్టింది.

"ఇది సీటు మీద ఏసుకో మావా. నీకు రోడ్డు అగుపడతాది."

"రోడ్డు కాదే. ఇసక."

"ఇసకేలే. సిన్నప్పట్నించీ దాని మీద నడిసే తిరిగావు. ఒకపాలి ఎక్కి తిరుగు."

ఆ దిండును ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాడు. షెడ్డులో కోటి దాన్ని చూశాడు. కోటి కూడా మెకానిక్కే. అర్జునరావు కంటే పదేళ్ళు చిన్న.

"ఏటి బావా, పెల్లిపీట తెచ్చీసుకున్నావు? పెల్లికూతురేది?"

"అదిగో, నల్లగా ఉంది సూడు," అని బండిని చూపించాడు అర్జునరావు.

బంపర్ తుడవడం అయ్యాక చేతులు రెండుసార్లు కడుక్కుని తలుపు తీశాడు. దిండు సీటు మీద వేసి ఎక్కాడు. సీటు ముందుకి జరిపాడు. కాళ్ళు అందాయి. బానెట్ చివరి దాకా కనిపించింది. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకున్నాడు.

"ఎవర్రా అది?"

సాయిశంకర్ కింద నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళు, ఆరడుగుల మనిషి. పక్కన ఫోన్ పట్టుకుని ఒక స్నేహితుడు.

"నానే బాబూ. ఇసకలో నడపమన్నారు కదా, సీటు సూసుకుంతన్నాను."

సాయిశంకర్‌కి గుర్తు రాలేదు. తర్వాత వచ్చింది. నవ్వాడు. "ఓ, అదా! చూద్దాంలే. ముందు దిగు. ఆ మూట తీసెయ్, సీటు కొత్తది." స్నేహితుడు ఫోన్ పైకెత్తి, "స్కూల్ బస్సు దిగుతున్నట్టు దిగుతున్నాడు చూడరా," అన్నాడు.

అర్జునరావు కూడా నవ్వాడు. దిండును సీటు వెనక సందులో పెట్టి దిగాడు. పెద్ద బండిలో సాయిశంకర్, స్నేహితుడు, దేవీప్రసాద్ ఎక్కారు. అర్జునరావు, కోటి జీపులో వెనకాల బయల్దేరారు.

భీమిలి దాటి కొంత దూరం పోయాక, సరుగుడు తోటల వెనక దిబ్బలు మొదలయ్యాయి. అవతల సముద్రం. ఎండ ఎక్కింది. అర్జునరావు చెప్పులు జీపులోనే వదిలేసి ఇసుకలో అటూ ఇటూ నడిచాడు. పైన పొర విరిగి మడమ దిగిపోయే చోట ఆగి కాలితో గీత గీశాడు. తర్వాత పెద్ద బండి చక్రం దగ్గర కూర్చుని గాలి తీయబోయాడు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు సాయిశంకర్.

"గాలి సగం తీసీయాల బాబూ. టైరు కింద పరుసుకోవాల. పడవ లాగినప్పుడు కూడా కింద బద్దలేత్తాం. బరువు పరుసుకుంతేనే ఇసక మొయ్యగలదు."

"వీడియోలో పంక్చర్ బండిలా ఉంటుంది. వదిలెయ్."

"దిగిపోద్ది బాబూ."

"ఇది పడవ కాదు అర్జునా."

దేవీప్రసాద్ గట్టిగా నవ్వాడు. బండి గర్జించుకుంటూ మొదటి దిబ్బ ఎక్కింది. రెండోదీ ఎక్కింది. అర్జునరావు నోరు తెరుచుకుని చూశాడు. అతను వేసిన స్ప్రింగులు లోపలికి నొక్కుకుపోయి మళ్ళీ లేస్తుంటే అతని మోకాళ్ళు కూడా కొంచెం వంగి లేచాయి. మూడో దిబ్బ పాదం దగ్గర, సరిగ్గా అతను గీత గీసిన చోట, బండి ఆగిపోయింది. సాయిశంకర్ ఇంకా గట్టిగా తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగి ఇరుసు దాకా దిగిపోయాయి.

గంటసేపు తవ్వాడు అర్జునరావు. కోటి తట్టతో ఇసుక ఎత్తిపోశాడు. మిగతా ముగ్గురూ ఏసీలో కూర్చుని కొబ్బరినీళ్ళు తాగారు. ఒకసారి అద్దం దిగింది. "ఇంకా లోపలికి దూరు. నీ సైజుకి సరిగ్గా సరిపోద్ది," అన్నాడు స్నేహితుడు. అర్జునరావు దూరాడు. చెవుల్లోకీ చొక్కాలోకీ ఇసుక పోయింది. నాలుగు చక్రాల గాలీ ఇప్పుడు తీశాడు. ఎవరూ వద్దనలేదు.

తర్వాత జీపును ఎదురుగా గట్టి ఇసుక మీద, వెనక భాగం ఇటు పెట్టి నిలిపారు. వన్ టౌన్‌లో పాత ఓడ సామాన్ల దుకాణంలో కొన్న లావుపాటి నైలాన్ తాడు ఒక చివర పెద్ద బండి ముందు కొక్కేనికి కట్టారు. రెండో చివర జీపు వెనక కొక్కేనికి ఇనుప కడియంతో తగిలించారు.

"బావా, జీపు కొక్కెం అతికిందా?" అని మెల్లగా అడిగాడు కోటి.

"రెండు సుక్కలే."

"మరెలాగ?"

"గోనె ఏత్తాను."

జీపులోంచి గోనె సంచి తీసుకుని సముద్రం దాకా నడిచి, ముంచి, నీళ్ళు కారుతుండగా భుజాన వేసుకుని వచ్చాడు. తాడు మధ్యలో మడతగా కప్పాడు. తాడు తెగినా, కొక్కెం ఊడినా, తడి బరువుకి అది ఎగరకుండా కిందే పడుతుంది. పడవలను తాళ్ళతో లాగేటప్పుడు తండ్రి ఇలాగే కప్పేవాడు. బిగిసిన తాడుకి తనవాడూ పరాయివాడూ అని ఉండదురా అనేవాడు.

సాయిశంకర్ తల బయట పెట్టాడు. "ఆ గోనె ఏంటి అసహ్యంగా?"

"తాడుకి బాబూ. మంచిది."

"దానికి చలేస్తోందా?" స్నేహితుడు ఫోన్ దించాడు. "ఫ్రేమంతా పాడైపోతోంది. తీసెయ్యమను."

"ఒద్దు బాబూ. జీపు కొక్కెం..." అంటూ దేవీప్రసాద్ వైపు చూశాడు అర్జునరావు. దేవీప్రసాద్ మొహం తిప్పుకున్నాడు.

"చూడు అర్జునా," అన్నాడు సాయిశంకర్. "ఇది పైకి రాగానే నేను దిగిపోతా. నువ్వెక్కు. ఆ దిబ్బ చివరి దాకా నీదే. ఆ గోనె ఒక్కటీ తీసెయ్."

అర్జునరావు దిబ్బ వైపు చూశాడు. దాని మీద ఒక్క చక్రం గీత లేదు. గాలికి గీసిన సన్నని అలలు తప్ప ఏమీ లేవు.

వెళ్ళి గోనె తీశాడు. నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టాడు.

"బావా..." అన్నాడు కోటి.

"నిమ్మలంగా లాగు. కుదిపీకు."

"ముందు ఏమీ కనపడట్లేదు. నువ్వు పక్కన నిలబడి చెయ్యి చూపించు," అన్నాడు సాయిశంకర్. అర్జునరావు బంపర్ పక్కన నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు.

జీపు కదిలింది. తాడు లేచి, సాగి, సన్నబడింది. పెద్ద బండి ముక్కు పైకి లేచింది. ఇంకొంచెం, ఇంకొంచెం అని చెయ్యి ఊపాడు అర్జునరావు. బండి గోతిలోంచి ఎక్కుతుండగా, కొబ్బరిమట్ట విరిగినంత చప్పుడైంది.

అర్జునరావు కూర్చున్నాడు. పని మధ్యలో బీడీ కాల్చుకోవడానికి కూర్చున్నట్టే ఉంది. జీపు కొక్కెం, ఇనుప కడియం అతని ఒడిలో పడి ఉన్నాయి. ఛాతీ దగ్గర చొక్కా లోపలికి పోయింది.

కోటి పరుగెత్తుకొచ్చాడు. "బావా! ఓ బావా!"

"బండి ఎక్కిందా?"

"ఎక్కింది బావా."

"మరి నానేనా?"

"నువ్వే బావా. నువ్వే."

పెద్ద బండి దగ్గరే ఉంది. కోటి అతన్ని చేతుల మీద ఎత్తుకుని దాని తలుపు దాకా తీసుకెళ్ళాడు. సాయిశంకర్ తెరవలేదు. "జీపులో వెయ్యండి. సీట్లు నిన్ననే వేయించాం. రేపు లారీ ఎక్కించాలి," అన్నాడు.

జీపు వెనక ఇనుప పలక మీద పడుకోబెట్టారు. దేవీప్రసాద్ ముందు కూర్చుని ఎవరికో ఫోన్ చేస్తూనే ఉన్నాడు. కోటి నడుపుతూ అద్దంలోంచి చూశాడు. భీమిలి రాకముందు అర్జునరావు చెయ్యి పలకను పట్టుకుని ఉంది. ఊళ్ళోకి వచ్చాక మలుపు తిరిగినప్పుడల్లా అది ఇటూ అటూ దొర్లింది. ఆస్పత్రి ముందు ఆపాక కోటి వెనక్కి వెళ్ళి ఆ చేతిని తీసి అర్జునరావు పొట్ట మీద పెట్టాడు.

సాయంత్రం ఈశ్వరి వచ్చింది. చేతులకు చేపల వాసన పోకముందే వచ్చింది. దేవీప్రసాద్ ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు.

"ఏటి సేత్తామమ్మా. ఆడు పెట్టిన ఎల్డింగే ఊడిపోయింది. ఎవర్నంటాం?"

ఈశ్వరి అతని మొహంలోకి చూసింది. "బండి నడిపాడా?"

"ఏ బండి?"

దేవీప్రసాద్‌కి నిజంగానే అర్థం కాలేదు. గోడకు ఆనుకుని నిలబడిన కోటి ముందుకి వచ్చాడు.

"నడిపాడక్కా. దిబ్బ సివరి దాకా."

"దిండేసుకున్నాడా?"

"ఏసుకున్నాడు."

ఆమె తల ఊపింది.

మర్నాడు పొద్దున్నే గోపాలపట్నంలో రోడ్డు పక్కన పెద్ద బండిని లారీ మీదికి ఎక్కించారు. చక్రాల సందుల్లో ఇసుక లేకుండా రాత్రే కడిగించారు. ముందు బంపర్ లారీ చట్రానికి రాసుకుంటోందని, మధ్యలో ఏదైనా మెత్తటిది పెట్టమని లారీ డ్రైవరు అడిగాడు. సాయిశంకర్ తలుపు తీసి వెతికాడు. సీటు వెనక సందులో చెయ్యి పెట్టి ఒకటి లాగి, "ఇది పనికొస్తుందా?" అని కిందికి విసిరాడు.

డ్రైవరు దాన్ని అందుకుని ఒకసారి నొక్కి చూశాడు. నీలం చీర గుడ్డ మీద ఒక్క ముడత లేదు, లోపలి బూరుగు దూది ఇంకా ఉబ్బెత్తుగానే ఉంది.